చట్రానికి కట్టు

పందొమ్మిది వందల ఇరవైల చివర, ఒక ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, నన్ను రాయవేలూరు మోటారు షెడ్డు నుంచి గుడియాత్తం పంపారు. అప్పటికి నా హోదా రెండో మేస్త్రీ. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే చెంగల్వరాయ శెట్టిగారు, సీమకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల పందెపు కారు కొన్నారు. నేరు దారిలో అది గాలిలా పోయేది. మలుపు వస్తే మాత్రం తల విదిలించేది.

మా షెడ్డు ముదలాళి, అంటే యజమాని, ఒక్కటే మాట చెప్పాడు. "ఆ బండి తల ఊపకుండా మలుపు తిరిగితే నువ్వే హెడ్ మేస్త్రీ. లేకుంటే బస్సుల కింద గ్రీజు పూస్తా ఉండు." ఆ హోదా కోసం నాలుగేళ్లుగా కాచుకుని ఉన్నాను. నా భార్య అప్పుడే వీధంతా చెప్పేసింది కూడా.

జబ్బేమిటో బండిని చూడకుండానే తేల్చేశాను. కారుకు అడుగున చాసిస్ అనే ఇనప చట్రం ఉంటుంది. రెండు పొడుగు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్ములు. చట్రం పలచనైతే మలుపులో మెలితిరుగుతుంది. మధ్యలో కత్తెరలాగా రెండు పట్టీలు వేసి బిగిస్తే తిరగదు. దీన్ని షెడ్డులో కట్టు అనేవాళ్లం. కాబట్టి శెట్టిగారికి ముందుగా ఉత్తరం రాశాను: "బండికి కట్టు కట్టాలి. కట్టు కట్టేవాణ్ణి పిలిపించి ఉంచండి." ఎద్దుబండి చక్రాలకు ఇనప కట్టు వేసే కమ్మరి అని నా ఉద్దేశం.

శెట్టిగారు ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం రాదు. అంగట్లో ఎవరో చదివి వినిపించారు. నేను వెళ్లేసరికి కారు పక్కన ఒక ముసలాయన చాప పరుచుకుని వెదురు బద్దలు, కోడిగుడ్లు, మినప్పిండి, లుంగీగుడ్డ పేలికలు సర్దుకుని కూర్చున్నాడు. ఆలంగాయం ఊరాయన మునెప్ప, విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు.

నేను తల పట్టుకున్నాను. శెట్టిగారు నొచ్చుకున్నారు. "నువ్వే గదప్పా రాసినావు? మోటారుకు గూడా కడతారేమో అనుకుంటిమి."

మునెప్ప ఇవేవీ పట్టించుకోలేదు. పిలిచారు, వచ్చాడు, రోగిని చూడాలి. చట్రం పొడవునా వేళ్లతో నొక్కుకుంటూ పోయాడు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని, భుజం కీలు చూసినట్టు అటూ ఇటూ ఆడించాడు. టక్కుమంది. "ఎముక బాగానే ఉండాది నాయనా. కీలు జారిండాది. దీనికి కట్టు పనికిరాదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సర్టిఫికెట్టున్న మేస్త్రీని నేను. ఒక నేతగాణ్ణి పిలిచి, చట్రానికి మూల నుంచి మూలకు బిగువుగా నూలు పోగు కట్టించాను. ఒక చక్రం కింద దిమ్మె పెట్టి లేపితే పోగు తెగింది. చట్రం మెలితిరుగుతోందని రుజువైంది. కమ్మరి చేత పట్టీలు వేయించి మళ్లీ లేపాను. పోగు తెగలేదు. "చూస్తివా పెద్దాయనా?" అన్నాను. "పోగు బాగుండాది" అన్నాడు మునెప్ప.

కారు నడిపి చూడ్డానికి బయల్దేరాను. శెట్టిగారిని పక్కన కూర్చోబెట్టుకోకపోవడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక తెలివైన పని. రాయవేలూరు దారిలో మొదటి మలుపు దగ్గర కారు తల ఊపలేదు, నా చేతిలోంచి స్టీరింగు గుంజుకుని నేరుగా వేరుశనగ చేలోకి దిగింది. మెత్తటి చట్రం అంతవరకు కొంత అదురు మింగేది. దాన్ని బిగించాక అదురంతా వదులైన కీళ్ల మీద పడింది. నా ఎడమ ముంజెయ్యి విరిగింది.

అలా మునెప్ప తెచ్చుకున్న సరంజామా వృథా పోలేదు. వెనకే వచ్చి చేనిగట్టునే కట్టు కట్టాడు. ఇంకా బిగించమని పళ్లు కొరుక్కుంటూ అడిగాను. "బిగిస్తే చెయ్యి చస్తాది. ఊరికే ఉండు నాయనా" అన్నాడు. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను. శెట్టిగారు మాత్రం పేలిక రంగు పోనిది, తమ మగ్గందే అని గుమిగూడినవాళ్లకు చెబుతున్నారు.

ఒంటి చేత్తో పని చేయించాను. ముందు చక్రాలు తిరిగే కీళ్లలో ఉండే కింగ్ పిన్నులు అరిగిపోయి ఉన్నాయి, మార్పించాను. పట్టీలు తీసి నడిపిస్తే కారు బుద్ధిగా తిరిగింది. పట్టీలు బిగించి నడిపిస్తే ఇంకాస్త నిలకడగా తిరిగింది. ఆ కాస్త తేడా శెట్టిగారికి తెలియలేదు.

హెడ్ మేస్త్రీ హోదా ఇచ్చారు. షెడ్డు రిజిస్టరులో రోగం కనిపెట్టినవారి పేరు రాయాలి. మునెప్ప అని రాశాను. ముదలాళి చదివి, ఏ షెడ్డు మేస్త్రీ అని అడిగాడు. ఆలంగాయం అన్నాను.

చట్రానికి కట్టు వేస్తే కారు బాగా తిరుగుతుందా అని ఇప్పటికీ కుర్ర మెకానిక్కులు అడుగుతారు. తిరుగుతుంది. కానీ ముందు చక్రం పైనా కిందా పట్టుకుని ఆడించి చూడాలి. టక్కుమంటే కట్టు జోలికి పోకూడదు.