పంటికి తేనెటీగల బంక

నేను పడింది సైకిలు తొక్కడం రాక కాదు. గంపలగూడెం రోడ్డు మీద బర్రె అడ్డం వచ్చింది. బర్రె అడ్డం వస్తే మగాళ్లూ పడతారు. కానీ మగాడు పడితే తప్పు బర్రెది, నేను పడితే తప్పు సైకిలుది. డెబ్బైల్లో మా తిరువూరులో న్యాయం అలా ఉండేది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. టీచరు ఉద్యోగం వచ్చి మూడు నెలలైంది. బడి ఉన్న ఊరికి బస్సు లేదు. రోడ్డు మీద దిగి గంటన్నర నడవాలి. అందుకని, బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ నర్సమ్మ దగ్గర లేడీస్ సైకిలు కొనుక్కున్నాను. పడ్డప్పుడు హ్యాండిలు మూతికి కొట్టుకుని పై వరసలో ముందు పన్ను కదిలిపోయింది. నాలుకతో తోస్తే ముందుకీ వెనక్కీ ఊగేది.

నాన్న పోయాక మా మంచీచెడ్డా చూసేది పెదనాన్న. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. సంతరోజు వచ్చి పళ్లు పీకే పళ్లాయనకు నన్ను చూపించాడు. పళ్లాయన వేలితో ఒక్కసారి కదిపి, "పీకేసి కట్టుడు పన్ను పెడదామండి" అన్నాడు. పెదనాన్న ఇంటికొచ్చి ఇంకో మాట కలిపాడు.

"పన్నూ పీకించు, సైకిలూ అమ్మెయ్. రేపు నీకు సంబంధాలు చూడాలా వద్దా? ఆడపిల్లవి, ఈ ఉద్యోగం లేకపోతే ఏంటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "పీకించను. మూడు వారాలు చూస్తాను. ఊడిపోతే సైకిలు మీరే అమ్మెయ్యండి" అన్నాను. సైకిలు పోతే బడి పోయినట్టే.

అమ్మ పెళ్లికి ముందు రెడ్డిగూడెం మామిడితోటల్లో పని చేసిన మనిషి. అక్కడి చెట్ల తొర్రల్లో కుట్టని చిన్న తేనెటీగలుంటాయి. అవి తమ గూటి సందులన్నీ ఒక నల్లటి బంకతో మూసుకుంటాయి. తేనె తీసేవాళ్లు పారేసిన ఆ బంకను అమ్మ ఉండ చేసి దాచేది. మాకు నోరు పూసినా, చిగుళ్లు వాచినా గోరంత ముక్క పెట్టేది. నీళ్ల కుండ కారినా అదే పెట్టేది.

"కుండకి పట్టింది పంటికి పట్టదా? నోరు తెరువు" అంది.

కదిలే పన్నును పక్క పళ్లతో కలిపి నూలుదారంతో కట్టింది. బంకను వేడినీళ్లలో మెత్తబరిచి, పిసికి, దారం మీద అద్ది, చల్లటి నీళ్లు పుక్కిట పట్టించింది. అది బిగుసుకుంది. చేదు, ఘాటు, నాలుక కొసంతా తిమ్మిరి. అద్దంలో చూసుకుంటే ముందు పళ్లు మూడూ బొగ్గు నలుపు. మూడు వారాలు చల్లారిన జావా, మజ్జిగే తిండి.

రెండో వారంలో హెడ్మాస్టరు గారు టీ ఇప్పించారు. పెద్దాయన ఇస్తే కాదనలేక తాగేశాను. వేడికి బంక కరిగి పై పెదవి పళ్లకు అతుక్కుపోయింది. ఆ పూటంతా మూతి బిగించుకునే లెక్కలు చెప్పాను. ఇంటికొస్తే అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, మళ్లీ అద్దింది.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాది. "ఈ వారానికి వద్దులే, వెనక కూర్చో" అన్నాడు పెదనాన్న. నేను ముందుకెళ్లి, కొంగు తలమీదే ఉంచుకుని, మూతికి అడ్డం పెట్టుకోకుండా, ప్రతి మాటా నోరారా చదివాను. పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దలు తల దించుకున్నారు. దించుకోవలసిన పని నాకు కనిపించలేదు. మర్నాడు బజారు మధ్యలోంచి, కావాలనే, బెల్లు కొట్టుకుంటూ బడికెళ్లాను.

మూడో ఆదివారం పెదనాన్న ప్రార్థన కాగానే మా వసారాలోకొచ్చి కూర్చున్నాడు. అమ్మ లోపల గోరువెచ్చటి కొబ్బరినూనెతో బంక వదలగొట్టి, బ్లేడుతో దారం కోసింది. చేతిలో దోరజామకాయ పెట్టి, బయటికి నడిపించి, "కొరుకు" అంది.

కొరికాను. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముక్క నోట్లోకి వచ్చింది, పన్ను ఉన్నచోటే ఉంది. బంక పనో, దారం పనో, మజ్జిగ పనో నాకు ఈనాటికీ తెలియదు. పళ్లాయన సంచిలోకి మాత్రం పోలేదు.

పెదనాన్న వంగి చూశాడు. "వంకరగా ఉందే" అన్నాడు.

పెళ్లయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ ఆయన ముందుకు రాకుండా, తలుపు చాటునుంచే జవాబిచ్చిన మనిషి మా అమ్మ. అప్పుడు వచ్చి ఆయనకెదురుగా నిలబడింది. చేతులింకా నల్లగానే ఉన్నాయి.

"వంకరైనా ఉంది కదండీ, బావగారూ. రేపు పొద్దున్నే పిల్లకి బడుంది. సైకిలు జోలికి ఎవరూ రావద్దు."