పక్కింటి అంకుల్ చెంపదెబ్బ

పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఆమె ఏడవలేదు. "మీ అంకుల్ చాయ్ అడిగిండ్రు. నేను కప్పు తెచ్చేలోపట్నే కుర్చీల పోయిండ్రు," అన్నారు. నేను ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో ఉన్నాను. రోడ్డు పక్కకు తీసి ఆపుకున్నాను. నాకు తెలియకుండానే చేయి ఎడమ చెంప మీదికి పోయింది. నాకు ముప్పై అయిదేళ్లప్పుడు, నా కూతురి ఎదుట, ఆ చెంప మీద ఆయన కొట్టారు. మా నాన్న కూడా నన్ను అంత గట్టిగా కొట్టలేదు. ఆ దెబ్బ సంగతి చెప్పకుండా ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకాదు.

మేం అమెరికాలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో ఇల్లు కొన్ననాటికే ఆయన రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఇనప భాగాలు చేసే మెషిన్ షాపులో గడిచింది. శనివారం వస్తే భుజాన మెటల్ డిటెక్టర్, చేతిలో చిన్న పారతో బయల్దేరేవారు. మాంద్యం వచ్చిన ఏడాది నా ప్రాజెక్ట్ పోయింది. వీసా ఏమవుతుందో తెలియక నేను ఇంట్లో కూర్చుని అయినదానికీ కానిదానికీ అరుస్తుంటే, ఆయన మా గుమ్మంలోకి వచ్చి, "బూట్లు ఏస్కొని రా," అన్నారు. అలా మొదలైంది.

అట్లాంటాకు పడమరగా, గంట దూరంలో ఒక ముసలి రైతు తన పొలంలో వెతుక్కోమని అనుమతిచ్చాడు. నూటయాభై ఏళ్ల కిందటి అంతర్యుద్ధంలో రెండు సైన్యాలు అక్కడ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. మెషిన్ కూసిన చోట జానెడు తవ్వితే చాలు, బూజు పట్టినట్టు తెల్లబడిన సీసపు తుపాకీ గుండ్లు దొరికేవి. ఏది దొరికినా అంకుల్ పద్ధతి ఒకటే. ముందు అయస్కాంతం, తర్వాత ఆంటీ వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన కాటా, ఆ తర్వాత టేపు. అవన్నీ అయ్యేదాకా మట్టి కూడా తుడవనిచ్చేవారు కాదు.

"ముందుగాల పేరు పెట్టు. తర్వాత చెయ్యి పెట్టు," అనేవారు.

ఒకసారి నాకు పంటిగాట్లున్న గుండు దొరికింది. మత్తుమందు లేకుండా కాలు కోస్తుంటే సైనికులు ఇలాంటివి కొరికి పట్టేవారని ఎక్కడో చదివాను. గబగబా దాన్ని ఆయన చేతిలో పెట్టాను. ఆయన గాట్లను బొటనవేలితో తడిమి చూశారు.

"మనిషి పన్ను గింత వెడల్పుంటదా? పంది నమిలింది ఇది."

"పందికి సీసమెందుకు అంకుల్?"

"సీసం కోసం గాదు. లడాయి అయినంక పీనుగులు పూడ్చకుంట పడున్నయి. పందులొచ్చి తిన్నయి. పీనుగుల ఉన్న గుండు గూడ నోట్లకొచ్చింది."

నేను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆయన మాత్రం గుండును కాగితంలో చుట్టి, పైన ‘పంది’ అని తెలుగులో రాసుకున్నారు. వినడానికి బాగుందని వస్తువుకు లేని కథ అంటగట్టడం ఆయనకు గిట్టదు.

తర్వాతి వారం ఆయనకు జ్వరం. నేను ఒక్కణ్ణే వెళ్లాను. వాగు ఒడ్డున మెషిన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మోచేతి లోతున, చిన్న కొబ్బరికాయంత ఇనప బంతి. ఫిరంగి గుండు! ఫోన్ చేస్తే ముట్టుకోవద్దంటారని తెలుసు. అందుకే చేయలేదు. తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చాను. తళతళలాడేలా తోమి ఆయన ముందు పెట్టాలని నా ఉబలాటం.

మర్నాడు గరాజ్‌లో డ్రిల్‌కి తీగల బ్రష్ బిగించి తోమడం మొదలుపెట్టాను. నా నాలుగేళ్ల కూతురు మూడు చక్రాల సైకిల్ మీద చుట్టూ తిరుగుతోంది. తుప్పు ఎర్రగా రాలిపోయి, బంతి నెత్తిన బిగించిన గుండ్రటి బిళ్ల ఒకటి బయటపడింది. దాన్నీ తోమబోతున్నాను. డ్రిల్ చప్పుడు విని అంకుల్ లుంగీ మీదే వచ్చారు.

"సర్‌ప్రైజ్, అంకుల్!" అన్నాను.

ఆయన ఆ బిళ్లను చూశారు. వైరు పట్టుకుని ప్లగ్ పీకేశారు. ఆ వెంటనే కొట్టారు. నా కళ్లద్దాలు ఎగిరిపోయాయి. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"ఏంటండీ ఇది! పిచ్చెక్కిందా మీకు?" అని ఆయన్ని రెండు చేతులతో నెట్టాను. జ్వరంతో ఉన్న మనిషి వెళ్లి గోడకు కొట్టుకున్నారు. అయినా ఆగలేదు. సైకిల్ మీంచి నా కూతుర్ని ఒక్క గుంజు గుంజి చంకన వేసుకున్నారు. పిల్ల కెవ్వుమంది.

"ఉత్త గుండు గాదురా అది! ఆ బిళ్ల కింద వత్తి, లోపట మందున్నది! నీ పెండ్లాన్ని పిలువు, ఉరుకు!"

పోలీసులు వీధి మొత్తం ఖాళీ చేయించారు. బాంబులు తీసేవాళ్లు వచ్చి, వీధి చివర సగం కట్టి వదిలేసిన ఇళ్ల అవతలికి దాన్ని తీసుకెళ్లి, సాయంత్రం పేల్చారు. నేల అరికాళ్లను తన్నినట్టయింది. తర్వాత ఒక అధికారి నన్ను తీసుకెళ్లి చూపించాడు. వాళ్లు పెట్టిన మందుతో పాటు లోపలి పాత మందు కూడా పేలిందని చెప్పాడు. మనిషి కూర్చునేంత గొయ్యి. పక్కన పైన్ చెట్టు బెరడు చీల్చుకుని ఇనప ముక్కలు లోపలికి దిగాయి. ఒక ముక్క నా నడుం ఎత్తున ఉంది. నా కూతురి తల అంత ఎత్తు.

తిరిగి వచ్చేసరికి అంకుల్ రోడ్డు అంచున కూర్చుని ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు. పక్కన కూర్చున్నాను. ఆయన చెవుల మీంచి చేతులు తీశారు.

"మా ఊరి పక్కపొంటి మిల్ట్రీవాళ్లు గుండ్లు పేల్చే మైదానముండె. పేల్చుడు అయిపోయి ఎర్రజెండా దించంగనే ఇనుము ఏరుకునేతందుకు ఉరికెటోళ్లం. మా అన్న పేలనిదొకటి తెచ్చిండు. రాయి మీద పెట్టి సుత్తెతోని కొట్టిండు. పొగ పోయినంక జూస్తే మొకం లేదు, చేతుల్లేవు. మా అమ్మ కొంగుల ఏరుకున్నది వాణ్ని."

ఆయన తన అరచేతులు చూసుకున్నారు.

"అది ఏందో నాకప్పుడు తెల్వదు. తెలిస్తే, నిన్ను కొట్టినట్టే వాణ్ని కొడుతుంటి."

నేను క్షమించమని అడగలేదు. ఆయనా అడగలేదు. పై శనివారం మా ఇంటి ముందు హారన్ మోగింది, నేను వెళ్లాను. నా కూతురు మాత్రం ఏడాది పాటు ఆయన్ని చూస్తే నా వెనక దాక్కునేది. నాన్నను కొట్టిన అంకుల్ అని తప్ప దానికి ఇంకేం తెలుసు? నేను నచ్చజెప్పబోతే ఆయన ఆపేశారు. "భయపడనీ తియ్యి. బతికుంది గనకనే భయపడుతున్నది."

దహనానికి ముందు ఫారం నింపుతూ, ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అక్కడి ఉద్యోగిని అడిగింది. లేదనబోయాను. ఆంటీ నా చేయి పట్టుకుని ఆపారు.

"ఉన్నది. తొడల. వాళ్లన్న పోయిన్నాటి ఇనుప ముక్క. డాక్టర్లు తీయలే."

ఆరేళ్లు పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని తవ్వాం. ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

శనివారం అస్థికలు ఇచ్చారు. వాటితో పాటు చిన్న ప్లాస్టిక్ కవర్‌లో అదీ ఇచ్చారు. గోరంత, నల్లగా, ఒక అంచు ఇంకా పదునుగా ఉంది. కావాలా, లేకపోతే తామే పారేయమంటారా అని అడిగారు. ఆంటీ చేయి చాచారు.

కార్‌లో వెనక సీట్లో నా కూతురి పక్కన కూర్చున్నారు. చూపించమని పిల్ల అడిగింది. ఆంటీ తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూశారు. ఇల్లు వచ్చేదాకా ఆ పిడికిలి విప్పలేదు.