తంతి సైకిలుకి నూనె

1938 వానాకాలం మొదట్లో నన్ను బందరు నుంచి దివిసీమలోని ఒక చిన్న తపాలా ఆఫీసుకి పోస్టుమాస్టరుగా వేశారు. ఊరి పేరు అనవసరం. ఉత్తరాలతోపాటు తంతి సౌకర్యం కూడా ఉన్న ఆఫీసు అది. తంతులు పంచే బంట్రోతు వీరాస్వామి నాకంటే పదేళ్ళు పెద్ద. అతనికి సర్కారు ఇచ్చిన ఎర్ర సైకిలు ఒకటి ఉండేది.

సైకిళ్ళంటే నాకు పిచ్చి. బందరులో నా సైకిలు నేనే విప్పి బిగించుకునేవాణ్ణి. చేరిన వారానికే వీరాస్వామి వచ్చి చక్రాల ఇరుసుల్లో గ్రీజు పెట్టించమన్నాడు.

"బందరు రోడ్డు కాదండి ఇది. ఉప్పునీళ్ళొచ్చే కాలవల్లో ఇరుసు మునిగేదాకా దింపాలండి. నూనె నిలవదండి, అయ్యగారూ."

నేను నవ్వాను. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చక్రం మధ్యలో ఇరుసుని పట్టి ఉంచే హబ్బు మీది చిన్న మూత జరిపి, నాలుగు చుక్కల నూనె వేసి చక్రం తిప్పాను. ఎంతసేపటికీ ఆగలేదు. గ్రీజు చిక్కన, చక్రాన్ని పట్టి ఉంచుతుంది. నూనె తేలిగ్గా తిరగనిస్తుందన్నాను. నేను చెప్పింది నిజమే. నూనె నీళ్ళకి కొట్టుకుపోతుందనీ, గ్రీజు లోపల అంటుకుని నీళ్ళని రానివ్వదనీ అతను చెప్పిందీ నిజమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వారం వారం నూనె వేస్తే చాలన్నాను. సర్కారు సైకిలు దారిలో ఎక్కడా వదిలిపెట్టకూడదనీ, పోతే ఉద్యోగం పోతుందనీ కూడా గట్టిగా చెప్పాను.

చక్రం కిర్రుమన్నప్పుడల్లా అతను నూనె వేసేవాడు, చప్పుడు ఆగేది. లోపల ఏమవుతోందో నేనొక్కసారైనా విప్పి చూడలేదు.

భాద్రపదంలో ఒక ఉదయం ఎనిమిదిన్నరకి గుడివాడ నుంచి తంతి వచ్చింది. సముద్రం వైపు ఏడు మైళ్ళ దూరంలోని పల్లెలో వెంకటేశ్వర్లు అనే రైతుకి. తల్లికి ప్రాణం మీదికొచ్చింది, వెంటనే బయలుదేరమని అతని తమ్ముడు ఇచ్చాడు. పదింటికి అందితే మధ్యాహ్నం రేవు పడవలో ఏరు దాటి, బందరులో సాయంత్రం రైలెక్కి, ఆ రాత్రికే తల్లి దగ్గరికి చేరవచ్చు.

మూడో మైలులో కాలవ దాటాక వెనక చక్రం బిగుసుకుపోయింది. వీరాస్వామి సైకిలు భుజాన వేసుకుని మిగతా నాలుగు మైళ్ళూ బురదలో నడిచాడు. పల్లె చేరేసరికి ఒంటిగంట దాటింది. చెడ్డకబురు తెచ్చినప్పుడు అతను ఎవరి గడపా దాటడు, మంచినీళ్ళు కూడా ముట్టడు. ఆ రోజూ వాకిట్లోనే కాగితం ఇచ్చి, దాహంతోనే తిరిగొచ్చాడు.

పడవ వెళ్ళిపోయింది. మర్నాడు వెంకటేశ్వర్లు గుడివాడ చేరేసరికి తమ్ముడు తలకొరివి పెట్టేశాడు.

పెద్దకర్మ అయ్యాక ఆయన గుండుతో ఆఫీసుకి వచ్చి, తంతి ఇక్కడికి ఎన్నింటికి వచ్చిందని అడిగాడు. ఎనిమిదిన్నరకని చెప్పాను.

"అమ్మ రాత్రి పదింటిదాకా ఉందంటండి. పెద్దోడొచ్చాడా, పెద్దోడొచ్చాడా అని అడుగుతానే ఉందంట."

గుమ్మం దగ్గర నిలబడ్డ వీరాస్వామి, "చక్రం పట్టేసిందండి, నా ఖర్మ" అన్నాడు. గ్రీజు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వెంకటేశ్వర్లు అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు.  పై అధికారికి రాసిన సంజాయిషీలోనూ చక్రం చెడిందనే రాశాను తప్ప ఎందుకు చెడిందో రాయలేదు.

ఆ ఆదివారం హబ్బు నేనే విప్పాను. ఇరుసు చుట్టూ తిరిగే ఇనుప గుళ్ళు తుప్పు పట్టి, కొన్ని రెండు ముక్కలై ఉన్నాయి. కొత్తవి వేసి గ్రీజు దట్టించాను. చేత్తో తిప్పితే చక్రం మూడు చుట్లకే ఆగింది. సైకిలు అక్కడే వదిలేసి పరిగెత్తి ఉంటే పడవ అందేది కదా అని అప్పుడు వీరాస్వామిని అడిగాను.

"మీరు వదలొద్దన్నారు కదండీ" అన్నాడు.

ఎండిన బాటల మీద తిరుగుతూ, తరచు విప్పి చూసుకునే సైకిలుకి నూనె సరిపోతుంది. నీళ్ళలో దిగేదానికి గ్రీజు కావాలి. తర్వాత పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ ఏది వెయ్యాలో తొక్కే మనిషినే అడిగాను. దారిలో చెడితే సైకిలు వదిలేసి తంతి పట్టుకుని వెళ్ళమని కాగితం మీద రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను.