చెవి కొస కత్తిరించిన కుక్క

"నాన్నా, ఇవాళ ఎన్నింటిని చంపావు?" అని అన్నం కలుపుకుంటూ అడిగింది కూతురు. మునిసిపాలిటీలో వీధికుక్కల్ని పట్టి చంపే ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు. మరుసటేడు చట్టం మారింది: పట్టిన కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. జీవకారుణ్యం మీద ఉపన్యాసాలు ఆయనకు రావు, రాయడమూ రాదు. అందుకే ఏ ఇంటి ముందు పట్టాడో ఆ గుమ్మం బొమ్మను బోను మీద సుద్దతో గీసుకుంటాడు. కొత్తలో ఒకసారి వానకు సుద్ద కాస్తా చెరిగిపోయింది. గోధుమరంగు కుక్కను తాడుతో పట్టుకుని పొద్దంతా వీధులు తిరిగాడు. చివరికి ఒక టైలరు షాపు ముందు అది తోకాడిస్తూ చతికిలబడింది.

"పీడ వదిలిందనుకుంటే మళ్ళీ తెచ్చావా మహానుభావా!" అంది టైలరమ్మ. "ఇక ఇది ఈనదమ్మా. దీన్ని తీసేస్తే పక్క వీధివి నాలుగొచ్చి కూర్చుంటాయి. ఇదుంటే రానిస్తుందా?" అన్నాడు. "సరే, ఏడాది చూస్తా. ఆ తర్వాత నీ సంగతి చూస్తా!" అందావిడ. ఏడాది గడిచింది, ఆ వీధిలో ఒక్క కుక్కపిల్లా పుట్టలేదు. నాన్న ఏం చేస్తాడని బడిలో అడిగితే కూతురు ఇప్పుడు దాచకుండా చెబుతోంది. కుక్కల్ని చంపే పాత పద్ధతిలో ఆయన పనిచేసిన చివరి నెల జీతం ఆఫీసు ఇంకా బాకీ ఉంది, ఆయన అడగలేదు.