ఖాళీ కాంటా పిలుపు

ఈ ఉదయం ఆర్మూరులో మా మేడగదిలో కూర్చుని, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి యంత్రాన్ని కంప్యూటర్‌తో కలిపే ఒక డ్రైవర్ ప్రోగ్రాములో చేసిన మార్పులను పరిశీలిస్తున్నాను. ఏదైనా యంత్రం కంప్యూటర్‌ను పిలిస్తే ఆ పిలుపును మేం ఇంటరప్ట్ అంటాం. పిలిచింది తన యంత్రమో కాదో చూడకుండానే ప్రోగ్రాము పలికే పాత పద్ధతిని ఆమె తీసేసింది. సరైన పనే. కానీ ఆ వరుసలు చదువుతుంటే, నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో పసుపు మార్కెట్లో చూసింది గుర్తొచ్చి, చదవడం ఆపేశాను.

అప్పట్లో మా కంపెనీ బస్తాలు తూచే కాంటాలకు కంప్యూటర్లు బిగించేది. కాంటా మీద బస్తా పెట్టి బరువు నిలవగానే కంప్యూటర్‌కు పిలుపు వెళ్లి గంట మోగేది. ఆ యార్డులోనే మా మేనమామ హమాలీగా పనిచేసేవాడు. ఒక సీజనులో పసుపు బస్తా దింపుతూనే ఆ కాంటా మీదికి ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. మరుసటి సీజనులో, హమాలీలంతా అన్నాలకు వెళ్లి యార్డు నిర్మానుష్యంగా ఉండే మధ్యాహ్నాల్లో, ఖాళీ కాంటాకు గంట మోగడం మొదలైంది.

"జర నువ్వే చూడు బేటీ, కాంటా మీద ఎవ్వరు లేరు, గంట మోగుతున్నది. నాకైతే మస్తు భయమైతున్నది," అంటూ కాంటా చూసే భాయి నన్ను పిలిపించాడు.

నేను వెళ్లేసరికి మా అత్త, అంటే ఆ మేనమామ భార్య, కాంటా పక్కన నేల మీద కూర్చుని ఉంది. రోజూ వస్తోందట. గంట మోగినప్పుడల్లా కొంగు సర్దుకుని, "ఆఁ, ఈడనే ఉన్న," అని మెల్లగా పలుకుతోంది.

ప్రోగ్రాము చూస్తే లోపం దొరికింది. కాంటా, ప్రింటర్ రెండూ ఒకే లైను మీద పిలుస్తాయి. ఏది పిలిచినా మా ప్రోగ్రాము కాంటాయే అనుకుని గంట కొడుతోంది. పిలిచింది కాంటా కాకపోతే 'నాది కాదు' అని ఊరుకునేలా మార్చాను. గంట ఆగిపోయింది.

"ఏం చేసినవ్ బిడ్డా? మీ మామ వస్తలేడా?" అంది అత్త. నాకు తెలిసినట్టు చెప్పాను. అంతా విని, "అయితే పిలుస్తనే ఉన్నడు, మీరు పలుకుతలేరు, గంతేనా?" అంది.

ఏ యంత్రానిదీ కాని పిలుపులను కంప్యూటర్ విడిగా లెక్కపెడుతుంది; తెర వైపు తిరిగి ఆ లెక్క చూశాను. తెర మీద ఎవరిదీ కాని పిలుపుల అంకె పెరుగుతూనే ఉంది. ప్రింటర్ పీకేశాను. అయినా పెరుగుతోంది.

అత్త లేచి, కాంటా పలక మీద అరచెయ్యి ఆనించింది. "ఇగ మోసింది చాలు. ఈడ నీకేం పని లేదు. ఇంటికి పోదాం పా," అని, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు కాస్త ఓరగా జరిగి, గేటు దాకా నెమ్మదిగా నడిచి వెళ్లిపోయింది. తెర మీద అంకె నిలిచిపోయింది. భాయి నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను.  ఆఫీసులో మాత్రం లైను ఎక్కడో వదులైందని చెప్పాను. అయి ఉండవచ్చు కూడా.

అత్త పోయి చాలా కాలమైంది, ఆ కాంటాలూ పోయాయి. ఇప్పుడు నేను పరిశీలించే ప్రోగ్రాములు ఏ ఊళ్లో ఏ యంత్రాన్ని నడుపుతాయో కూడా నాకు తెలియదు. ఎవరిదీ కాని పిలుపులు మితిమీరితే ఆ లైనునే సిస్టమ్ తనంతట తానే మూసేస్తుంది. మన రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఎవరు పిలిచారో తెలియకపోయినా ఇంట్లో ఒకరు లేచి వాకిట్లోకి వెళ్లి చూసి వచ్చేవారు. ఇప్పుడు అంత తీరిక ఎవరికుంది? నాకే లేదు.