మొగల్తూరులో నన్ను కలుపుకున్న సంఘం

ఆఫీసు పని మీద కర్నూలు నుంచి మొగల్తూరు వెళ్లాను. ఆదివారం ఉదయం ఆరాధనకని చర్చికి వెళితే, తలుపులు తీసే ఉన్నాయి గానీ లోపల ఒక ముసలామె తప్ప ఎవరూ లేరు.

“అందరూ జాలరిపేట వెళ్లారండి. గాలికి ఒకళ్లింటి కప్పు లేచిపోయింది. ఇంట్లో పచ్చి బాలింత ఉందండి,” అందామె.

నేనూ అక్కడికే వెళ్లాను. పాస్టరుగారు లుంగీ ఎగగట్టుకుని, ఇంటిపైకెక్కి తాటాకులు కప్పుతున్నారు. సంఘంలోని ఆడవాళ్లు బాలింతకు పథ్యం వండుతున్నారు. ఆ ఇంటివాళ్లు హిందువులు. ఇంటాయన మొహమాటపడిపోతూ, “ఆదివారం పూట ప్రార్థన మానుకుని వచ్చారేంటండీ?” అన్నాడు.

“ప్రార్థన సాయంత్రం చేసుకుంటామండి. వాన ఆగదు కదా!” అన్నారు పాస్టరుగారు పైనుంచి.

నేను చొక్కా చేతులు మడిచి తాటాకులు అందించసాగాను. కప్పడం పూర్తయిన కాసేపటికే వాన దంచికొట్టింది. బాలింత పడుకున్న చోట ఒక్క చుక్క పడలేదు.

ఇంటాయన నా వైపు చూసి, “ఈయనెవరండి?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, వంట దగ్గరున్న ఒకావిడ, “మావాళ్లేనండి,” అంది.

అప్పటికి నా పేరు కూడా ఎవరూ అడగలేదు. చిన్నప్పటి నుంచీ చర్చికి వెళుతున్నవాణ్ణే గానీ, విశ్వాసినని అంత గర్వంగా ఎన్నడూ తలెత్తుకోలేదు.