తొలి బుట్ట ఎవరికి

నిన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా, మొన్నటిదాకా చెయ్యెత్తి నవ్వుతూ నిలబడ్డ నాయకుడి ఫ్లెక్సీని ఇద్దరు మనుషులు కత్తితో కోసి, అదే చట్రానికి ఇంకొకరి బొమ్మ బిగిస్తుంటే, మా పాప, "ఆ తాతయ్యని ఎందుకు కోసేశారమ్మా?" అని అడిగింది. బస్సు రాగానే చెయ్యి పట్టుకుని ఎక్కించేశాను. పాప పడుకున్నాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, నూజివీడు చుట్టుపక్కల తోటలున్న ఇళ్లలో తొలికోత చిన్నరసం మామిడికాయలను గడ్డిలో మాగవేసి, మొదటి బుట్ట రాములవారి గుడికి పంపాకే ఎవరైనా పండు ముట్టేవాళ్లు. నా చిన్నతనంలో ఒక ఎండాకాలం, బోరుకు కరెంటు లైను లేక, తాతయ్య కొత్తగా వేసిన మామిడి మొక్కలు వాడిపోసాగాయి. లైను ఇప్పించడం పంచాయతీ ప్రెసిడెంటుగారి చేతిలో ఉంది. ఆయన అరుగు ముందు ఎవరైనా సైకిలు దిగి నడిపించుకు వెళ్లే రోజులవి.

ఆ ఏడు గుడికి బయలుదేరిన బుట్టలోంచి అమ్మమ్మ ఒక కాయ తీసి, తొడిమ దగ్గర వేలు పెట్టి చూసింది. సొన ఇంకా జిగటగా ఉంది.

"ఏవండీ, ఇవి పొద్దున కోసినవి. గడ్డిలో మాగినవి ఎవరింటికి వెళ్లాయి?"

"నీకన్నీ అనుమానాలేనే. రాములవారొచ్చి లైను వేయిస్తారా ఏంటి?"

"ఆ ప్రెసిడెంటుగారికి అయిదేళ్లే. రాములవారిని దింపే ఎలక్షన్లు ఎప్పుడండీ?"

తాతయ్య తువ్వాలు దులుపుకుని తోటకు వెళ్లిపోయారు.

స్తంభం వచ్చింది, తీగ రాలేదు. ఈలోగా ఎన్నికల్లో ప్రెసిడెంటుగారు ఓడిపోతే, కొత్తాయన అది పాతాయన పాతించిన స్తంభమని అటు చూడనేలేదు. సగం మొక్కలు ఎండిపోయాయి. మిగిలిన సగాన్ని, ఎవరి సిఫారసూ లేకుండా వచ్చిన వాన బతికించింది. మరుసటి ఏడు తాతయ్యే స్వయంగా గడ్డిలోంచి పళ్లు ఏరి బుట్ట నింపారు. అయినా అమ్మమ్మ గుడిమెట్ల దాకా వెనకే వెళ్లి, ప్రతి తొడిమా తడిమి చూసింది.

ఇప్పుడు పూత మీదే తోటల కాపును వ్యాపారులకు అమ్మేసుకుంటున్నాం, తొలికాయ ఏ ఊరు చేరుతుందో మనకే తెలియదు. మావారి కాంట్రాక్టు ఉద్యోగం పొడిగించే వేళకు ఏ నాయకుడుంటాడో, ఎవరి మనిషి మాట నమ్మాలో అని ఆలోచిస్తూనే దేవుడి ముందు దీపం పెడుతున్నాను. అమ్మమ్మ అనుమానమంతా నాకే వచ్చింది; దాని వెనక ఆవిడకున్న ధీమా మాత్రం రాలేదు.